హెర్మన్ ఫోటింగరు జీవితము

పాత అమెరికా కారు రాత్రి నిలిచినచోట తెల్లవారుసరికి ఎఱ్ఱని మరక యొకటి కానవచ్చుట కద్దు. ఇంజను చమురు నల్లనగుటచే దానిని వేఱుగా గుర్తింపవచ్చును. ఇది గేరులు తమంతట మారెడు పెట్టెనుండి కారిన ద్రవము. చూచినవారు పెక్కండ్రు దానిని బండియిరుసుకు పూసెడు కందెన వంటిదిగా తలంచి, కారినంత తిరిగి పోసి యూరకుందురు. అది కందెన మాత్రమే కాదు. ఇంజను బలమును చక్రములవైపు మోసికొనిపోవునది యా ద్రవమే. ఇనుప ఇరుసు చేయవలసిన పనిని నీటిచేతను, చమురుచేతను చేయించినవాడు హెర్మన్ ఫోటింగరు అను జర్మను యింజనీరు. ఆయన కథ నెఱిగినవారికి ఆ మరక యేల కలిగినదో, దానినెట్లు మాన్పవలెనో సులభముగా బోధపడునని తలచి మేమిచ్చట దానిని వ్రాయబూనితిమి.

ఫోటింగరు 1877వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, బొమ్మల తయారీకి పేరుగాంచిన న్యూరెంబర్గు నగరమున జన్మించెను. మ్యూనిక్ నగరమున విద్యుచ్ఛాస్త్రమును చదివి, 1899లో స్టెటిన్ రేవునందలి వుల్కాన్ నౌకా నిర్మాణశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. ఆ పట్టణము నేడు పోలెండు దేశమున నున్నది. విద్యుత్తు చదివిన యువకునికి ఓడల యంత్రములతో నేమి పని యని తోచవచ్చును. ఆయనకు మేలు చేసినది ఆ చదువే.

మొదట ఆయన ఓడయిరుసు మోయు బలమును కొలుచు సాధనమును నిర్మించెను. తడిబట్టను పిండినప్పుడు మెలిపడునట్లే, ఎంత లావు ఉక్కు ఇరుసైనను బరువు పడినప్పుడు రవంత మెలిపడును. ఆ రవంతను కొలిచి ఇంజను బలమును లెక్కగట్టవచ్చును.

అంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి యుండెను. ఆ దినములలో ఆవిరి టర్బైనులు క్రొత్తగా ఓడలలో ప్రవేశించెను. టర్బైను అతివేగముగా తిరిగిననే గాని ఆవిరి సార్థకము కాదు. ఓడను నెట్టు మర మెల్లగా తిరిగిననే గాని నీటిని పట్టజాలక నురుగు రేపును. ఈ రెంటి నడుమ వేగమును తగ్గించుటకు కావలసినంత పెద్ద పళ్ళచక్రములను తప్పులేకుండ కోయుట అప్పటికింకను కుదురలేదు.

ఫోటింగరు తన చదువును బట్టి మొదట విద్యుత్తును తలచెను. టర్బైను విద్యుత్తును పుట్టించును, ఆ విద్యుత్తు మరను త్రిప్పును. కాని ఆ యంత్రములు బరువు, వెలయు నధికము. పిమ్మట విద్యుత్తునకు బదులు నీటినుంచి చూచెను: ఒక పంపు నీటిని తోయును, ఆ నీరు గొట్టము వెంట పోయి యొక జలచక్రమును త్రిప్పును. ఇందులో గొట్టములయందే బలము చాలవఱకు వ్యర్థమగుచుండెను. అప్పుడాయన చేసిన పని మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. గొట్టములను తీసివేసి, పంపు చక్రమును, జలచక్రమును ఒకే గుండ్రని పెట్టెలో ఎదురెదురుగా నుంచెను. రెండు విద్యుత్పంకాలను ఎదురెదురుగా నిలిపి ఒకదానిని నడిపినచో రెండవది తనంతట తిరుగును. విద్యార్థులు దీనిని చేసి చూడవచ్చును. ఇక్కడ గాలి చేయు పనిని అక్కడ నీరు చేయును. నడుమ కదలని మూడవ చక్రమొకటి నీటిదారిని మలచి త్రిప్పుబలమును హెచ్చించును. 1905వ సంవత్సరము జూన్ 24వ తేదీతో దీనికి జర్మనీలో పేటెంటు లభించెను.

1909లో ఫోటింగరు డాన్జిగ్ నగరమున ఆచార్యుడాయెను. 1913లో కట్టిన క్యోనిగిన్ లూయిజె అను ప్రయాణపు ఓడ ఆయన యంత్రముతోనే నడచెను. మరుసటి యేడు యుద్ధము వచ్చి, సముద్రమున మందుపాతరలు జల్లుటకు దానిని పంపగా, ఆగస్టు 5వ తేదీన ఆంగ్లేయ నౌకలు దానిని ముంచివేసెను. ఇంతలో పళ్ళచక్రములు కోయు విద్య యభివృద్ధి చెందెను. ఆ చక్రములయందు బలము మిక్కిలి స్వల్పముగా నశించును. ద్రవయంత్రమునందు పదవవంతునకు మించి వేడిమిగా పోవుచుండెను. కావున ఓడలవారు దానిని విడిచిరి.

అయినను భావము చావలేదు. 1924లో ఫోటింగరు బెర్లిన్ నగరమునకు ఆచార్యుడుగా పోయెను. 1930లో ఇంగ్లండునందలి డెయిమ్లరు వారు కార్లలో రెండు చక్రముల ద్రవయంత్రమునుంచిరి. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ కారునకు హైడ్రామాటిక్ అను, తనంతట గేరులు మార్చుకొను పెట్టె వచ్చెను. అందు మొదటి భాగము ఫోటింగరు చెప్పినట్టి ద్రవచక్రముల జంటయే. రెండవ ప్రపంచయుద్ధమున అవే పెట్టెలను అమెరికావారు తమ తేలిక ట్యాంకులలో నుంచిరి. 1945 ఏప్రిల్ 28వ తేదీన, బెర్లిన్ వీథులలో పోరు జరుగుచుండగా, గుండు తునక తగిలి ఫోటింగరు మరణించెను. ఆయన వయస్సు అరువదియెనిమిది. యూరపున యుద్ధము ముగియుటకింక పది దినములే యుండెను. త్రిప్పుబలమును హెచ్చించు ద్రవయంత్రము 1948లో బ్యూయిక్ కార్లలో వచ్చుట నాయన చూడనేలేదు.

ఇక కారుట సంగతి. ద్రవము ఒత్తిడితో నుండును. తిరుగు ఇరుసు కదలని గోడను దాటుచోట దానిని నిలుపునది రబ్బరు లేక తోలు పెదవిగల యొక కట్టు మాత్రమే. ఏండ్లు గడచినకొలది రబ్బరు బిరుసెక్కును. అంతేగాక, కారు నాళ్ళతరబడి నిలిచియున్నచో చక్రముల పెట్టెలోని ద్రవము మెల్లగా క్రింది పళ్ళెములోనికి దిగి, మట్టము కట్టులకంటె పైకెక్కి వెలికివచ్చును. దినమును నడచు కారుకంటె కొట్టములోని కారు ఎక్కువ కారుట కిదియే కారణము.

స్వయముగా బాగుచేయువారు మొదట అడుగుభాగమునంతయు కిరసనాయిలుతో కడిగి యారనిచ్చి, క్రింద కాగితము పఱచి, తడి కానవచ్చిన చోట్లలో అన్నిటికంటె ఎత్తైనదానిని వెదకవలెను. చుక్క రాలుచోటు ద్రవము పుట్టుచోటు కాదు. కేవలము జాకీపై నిలిపిన బండిక్రిందికి ఎవ్వరును దూరరాదు; బలమైన ఆనుకొయ్యలు పెట్టవలెను. పళ్ళెపు టంచున తడియున్నచో బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి చూడవలెను. ఇక్కడనే పెక్కండ్రు తొందరపడి బలముకొలది త్రిప్పుదురు. దానిచే కార్కు అట్ట చీలి, రేకంచు వంగి, కారుట హెచ్చును. అట్టి యంచును కొయ్యపై నుంచి సుత్తితో మెల్లగా చదును చేసి, క్రొత్త అట్ట వేయవలెను. ఇంజనును, పెట్టెయు కలియుచోట ఎఱ్ఱని ద్రవము వచ్చినచో ముందరి కట్టు చెడినదని యనుమానింపవలెను. అది చెడియున్నచో పెట్టెను దింపవలసియుండును గనుక ఒంటరిగా పూనరాదు. కొన్ని బండ్లలో బయట చుక్కయైన రాలకయే ద్రవము తగ్గి, వెనుక గొట్టమున తెల్లని పొగ వెడలును. ఇంజను దానిని లోలోపల పీల్చుకొనుచున్నదన్నమాట.

పని ముగిసిన పిదప మట్టము చూచు విధమును ఆ బండి పుస్తకమునుబట్టియే యనుసరింపవలెను. పెక్కింటిలో చదునునేలపై, ఇంజను వేడెక్కి నడచుచుండగా చూడవలయును. ఎక్కువ పోసినచో తిరుగు చక్రములు ద్రవమును చిలికి నురుగు చేయును. ఆ నురుగు గాలిరంధ్రము వెంట వెడలి నేలపై బడి, మానిన కారుట మానలేదను భ్రమ కలిగించును.