బ్రహ్మనాయుడి కుడిభుజం - కన్నమదాసు

గ్రీకు వీరుడు అకిలీజ్ పేరెత్తగానే పాట్రోక్లస్ గుర్తుకొస్తాడు. మిత్రుడు అలిగి డేరాలో కూర్చుంటే, అతని కవచం తాను తొడుక్కుని ట్రాయ్ సేనల మీదికి ఉరికి, హెక్టర్ చేతిలో ప్రాణం విడిచాడు. అంతటి సహచరుడు మనకు లేడా అని అడిగేవాళ్లు సముద్రాలు దాటనక్కర్లేదు. చిలకలూరిపేటలో బస్సెక్కి నరసరావుపేట మీదుగా కారెంపూడి పోతే చాలు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మన పేట కూడా ఆ జిల్లాలోదే గనుక, ఈ కథ ఇప్పుడు కాగితాల మీద కూడా మనదే.

12వ శతాబ్దం చివర నాగులేటి ఒడ్డున దాయాదుల మధ్య పల్నాటి యుద్ధం జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. అటు మంత్రాంగం నాయకురాలు నాగమ్మది, ఇటు బ్రహ్మనాయుడిది. ఆ బ్రహ్మనాయుడి పక్కన నీడలాగా నిలబడ్డవాడు కన్నమదాసు.

పుట్టుక మాలపల్లెలో. బ్రహ్మనాయుడు అతన్ని చేరదీసి కొడుకుగా చూసుకున్నాడనీ, ఆ తర్వాత సైన్యాధిపత్యమే అప్పగించాడనీ వీరగాథ చెబుతుంది. పేరు చివర ఉన్న దాసు వైష్ణవ దీక్షకు గుర్తు. చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందర్నీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. అదే చాపకూడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. పెట్టినవాడి గుండె సంగతి అందరూ చెబుతారు. అగ్రకులాల వాళ్ల సరసన మొదటిసారి విస్తరి ముందు కూర్చున్నవాడికి ఇంకెంత గుండె కావాలి! ఆ సంగతి ఎవరూ చెప్పరు.

కత్తి అప్పగించడం అన్నం పెట్టడం కన్నా పెద్ద మాట. వెలమ దొరలూ, రాచబిడ్డలూ ఉన్న దండుకు ఒక మాల యువకుడు ఆజ్ఞ ఇవ్వాలి, వాళ్లు వినాలి. కన్నమ విశ్వాసపాత్రుడని పొగిడేవాళ్లు చాలామందే గానీ, విశ్వాసం ఒక్కటే చాలితే బ్రహ్మనాయుడు అతన్ని వాకిట కాపలా పెట్టుకునేవాడు. సేనాధిపతిని చేశాడంటే ఆ చేతిలో పనితనం, ఆ తలలో యుక్తి ఉండబట్టే.

కోడిపోరులో ఓడి మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైపోయాడు. ఇక కారెంపూడి యుద్ధం తప్పలేదు. అన్ని కష్టాల్లోనూ కన్నమ పక్షం మారలేదు. నాగమ్మ వంటి మంత్రిణి ఎదుట ఉండగా ఇది చిన్న విషయం కాదు. ఆశ చూపి మనిషిని తిప్పుకోవడం ఆ రాజకీయాల్లో కొత్తేమీ కాదుగదా.

ఇదే కథలో ఇంకో నేస్తం ఉన్నాడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి వేర్వేరు కులాల తమ్ముళ్లు ఉండేవారు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. అతను యుద్ధంలో చస్తే పాపం చుట్టుకుంటుందని బాలచంద్రుడు ఏదో నెపం పెట్టి వెనక్కి పంపేశాడు. మోసం తెలిసి అనపోతు తన ప్రాణం తానే తీసుకున్నాడు. పాట్రోక్లస్‌కు దగ్గరగా వచ్చేది ఇతనే అని మా లెక్చరర్లు కొందరు అనొచ్చు. నాకు మాత్రం కన్నమే పెద్దవాడనిపిస్తుంది. అనపోతును చావనివ్వకూడదని ఒకరు అనుకున్నారు. కన్నమ ప్రాణానికి ఏ శాస్త్రమూ అలాంటి అడ్డు వేయలేదు. అయినా అతను ముందు వరుసలోనే నిలబడ్డాడు.

యుద్ధంలో రెండు పక్షాలూ చితికిపోయాయి. బ్రహ్మనాయుడు చివరకు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. కొన్నేళ్లకు ఈ సీమంతా కాకతీయుల చేతికి వచ్చింది.

కన్నమ గురించి మనకు తెలిసిందంతా ఎక్కువగా పాట వల్లే. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఊరూరా ఆ కథ పాడి బతికించినవాళ్లు వీరవిద్యావంతులు, ఎక్కువమంది మాలలే. అలిసెట్టి గాలెయ్య పాడగా విని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషు పుస్తకం వేశాడు. 1947లోనూ 1966లోనూ పల్నాటి యుద్ధం సినిమాగా వచ్చింది. సినిమా చూసి వచ్చినవాళ్లను అడిగి చూడండి, బ్రహ్మనాయుడూ నాగమ్మా బాలచంద్రుడూ అని మూడు పేర్లు టకటకా చెబుతారు. కన్నమ పేరు నాలుగోదో ఐదోదో.

ఇంకో చిత్రం. బ్రహ్మనాయుణ్ణి పేరుతో పిలుస్తాం, బాలచంద్రుణ్ణీ పేరుతోనే పిలుస్తాం. సేనాధిపతి దగ్గరికొచ్చేసరికి మాల కన్నమదాసు అంటాం. గర్వంగా అనేవాళ్లున్నారు, వాళ్లకు ఆ హక్కుంది. మా రైతుల ఇళ్లల్లో మాత్రం ఆ మాట గర్వంతో రాదు. పత్తి తీతకూ మిరప కోతకూ వచ్చిన మనిషికి విడిగా గ్లాసు పెట్టిన చేత్తోనే పల్నాటి పౌరుషం గురించి మీసం దువ్వే పెద్దల్ని చూస్తూనే పెరిగాం.

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడి వీరుల గుడి దగ్గర తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధాలు మోసుకుంటూ ఊరూరి నుంచీ ఆచారవంతులు వస్తారు. మూడోరోజు మందపోరు నాడు చాపకూడు పెడతారు. పత్తి తీతల రోజులు గనుక పని వదిలి వెళ్లడం కష్టమే. వెళ్లగలిగినవాళ్లు ఆ రోజే వెళ్లండి. చాప మీద మీ పక్కన ఎవరు కూర్చున్నారో అడగకుండా తిని రండి.