పద్యాన్ని పదిమందికి విప్పి చెప్పిన కడియం కవి

కడియం పేరు వినగానే పూలతోటలు, నర్సరీలు గుర్తుకొస్తాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. అది 1870 ఆగస్టు 8. అవధానిగా, నాటక కవిగా ఆయన్ను ఎరగనివారు మన ప్రాంతంలో తక్కువ. కాని పద్యాన్ని ఎలా చదవాలో, అందులో మేలెక్కడో, లోపమెక్కడో తెలుగువారికి నేర్పిన గురువుగా ఆయన చేసిన సేవ అంతగా ప్రచారంలోకి రాలేదు.

యానాం నుంచి కాశీ దాకా

తండ్రి కామయ్య, తల్లి చంద్రమ్మ. వేంకటశాస్త్రిగారి చిన్నతనంలోనే కుటుంబం యానాం చేరింది. అప్పట్లో అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. చదువు ఒక్కచోట సాగలేదు. కంటి జబ్బు కూడా బాధించింది. అయినా పట్టు వదలకుండా గురువులను వెతుక్కుంటూ వెళ్లారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర సంస్కృత వ్యాకరణం చదివేటప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయిగా దొరికారు. ఆయనది భీమవరం దగ్గరి యండగండి. పుట్టింది 1872లో. అక్కడ కలిసిన ఇద్దరూ ఆపైన ఒక్క పేరుతోనే కవిత్వం చెప్పారు. వేంకటశాస్త్రిగారు కాశీ వెళ్లి కూడా చదువుకుని వచ్చారు.

సభలో కూర్చున్నవారే పరీక్షకులు

అవధానమంటే జ్ఞాపకశక్తి ప్రదర్శన మాత్రమే అనుకోవడం పొరపాటు. శతావధానంలో వందమంది పృచ్ఛకులు ఒక్కొక్కరు ఒక్కో విషయం ఇస్తారు. కవి అందరికీ వరుసగా మొదటి పాదం చెప్పి, మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. అలా నాలుగు వరుసలు ముగిశాక వంద పద్యాలనూ ఒక్కటీ తప్పకుండా ఒప్పజెప్పాలి.

ఇందులో సమస్యాపూరణం అనే అంగం ఒకటుంది. పైకి అసంబద్ధంగానో, అనుచితంగానో వినిపించే పాదం ఒకటి ఇస్తారు. మిగతా మూడు పాదాలు కట్టి కవి దానికి ఒప్పుకోదగ్గ అర్థం తేవాలి. మాట మారదు, చూసే చూపు మారుతుంది. వింటున్న జనానికి అది పాఠమే. ఒకే మాటకు సందర్భాన్ని బట్టి ఎన్ని అర్థాలు వస్తాయో వారి కళ్ల ముందే తేలిపోయేది.

పండితుల ఇళ్లకు, రాజుల కొలువులకు పరిమితమైన ఈ విద్యను జంటకవులు ఊరూరా తిప్పారు. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాల్లో సత్కారాలు పొందారు. బ్రాహ్మణ పండితులై ఉండీ మీసాలు పెంచారు. సంస్కృతంలోగాని, తెలుగులోగాని తమను గెలిచే కవి వస్తే తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరారు.

విమర్శ దారి తప్పితే

ఆ ధీమా మేలుతోపాటు కీడూ తెచ్చింది. గుంటూరు సీమలో కొప్పరపు సోదర కవులతోను, పిఠాపురంలో వేంకట రామకృష్ణ కవులతోను వివాదాలు చెలరేగాయి. ఫలానా మాట సాధువా, అసాధువా అన్న దగ్గర మొదలైన చర్చ మనుషుల మీదికి మళ్లింది. అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పద్యాలకు పద్యాలు, పుస్తకాలకు పుస్తకాలు జవాబులయ్యాయి. ఆ పోరులోంచి పుట్టిందే గీరతం.

ఆ రాతల్లో పాండిత్యం ఉంది, చమత్కారం ఉంది, దూషణ కూడా ఉంది. ఇరువైపులా ఉన్నవారు గొప్ప కవులే. గెలవాలన్న పంతం ముదిరితే ఎదుటివారి పద్యంలోని గుణం కంటికి ఆనదని ఆ తగాదాలు చెబుతాయి. ఈ మచ్చను దాచిపెట్టి శాస్త్రిగారిని పొగడనక్కర్లేదు. ఆయన పెద్దరికం మరోచోట ఉంది.

బందరు బడిలో

ఆ పెద్దరికం తెలిసింది బందరు హిందూ హైస్కూల్లో. ఆయన అక్కడ కొన్నేళ్లు తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులు. వేలూరి శివరామశాస్త్రిగారూ ఆ గురువు నీడన ఎదిగినవారే.

ఆ శిష్యులు కవులు కావడంతోనే ఆగలేదు. పద్యాన్ని విప్పి చెప్పే విమర్శకులూ అయ్యారు. విశ్వనాథవారు నన్నయ్య కథనం మీద, అల్లసాని పెద్దన అల్లిక మీద విడివిడిగా విమర్శ గ్రంథాలు రాశారు. లక్ష్మీకాంతంగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించి, సాహిత్య శిల్ప సమీక్ష అందించారు. కవిత్వం అంటే ఏమిటో తెలుసుకోగోరే విద్యార్థులకు అది పాఠ్యగ్రంథమైంది. పింగళి, కాటూరి కలిసి రాసిన సౌందరనందం కావ్యాన్ని గురువుగారికే అంకితమిచ్చారు.

విశ్వనాథవారు రామాయణ కల్పవృక్షంలో ఒక మాట అన్నారు. తనవంటి శిష్యుడు ఉన్న భాగ్యం నన్నయ్యకూ లేదు, తిక్కనకూ లేదు, చెళ్లపిళ్లవారికే దక్కిందని దాని సారాంశం. వినడానికి శిష్యుడి గొప్పలాగే ఉంటుంది. ఆలోచిస్తే గురువుకు కట్టిన పట్టం.

నాటకాల పందిట్లో

తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయారు. ఆ తర్వాత కూడా వేంకటశాస్త్రిగారు ఇద్దరి పేరుతోనే రచనలు వెలువరించారు. గ్రాంథిక, వ్యావహారిక భాషల మీద పండితులు తలపడుతున్న కాలంలో, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినంత తేలికైన వాడుక భాషలో కథలు గాథలు రాశారు. తన అనుభవాలు, కవుల ముచ్చట్లు, పద్యాల మంచిచెడ్డలు అందులో కలిసిపోయి ఉంటాయి. చదివేవారికి విమర్శ చదువుతున్నామన్న బరువు తెలియదు.

ఇక పల్లెటూళ్లకు ఆయన ఇచ్చిన ఆస్తి పాండవోద్యోగ విజయాలు. తిరునాళ్లలో రాయబారం సీను కోసం జనం తెల్లవార్లూ మేలుకుని ఉండేవారు. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణ వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ కేకలతో పందిరి దద్దరిల్లేది. అక్షరం ముక్క రానివారికి సైతం ఆ పద్యాలు నోటికి వచ్చాయి. నిఘంటువు అక్కర్లేకుండా అర్థమయ్యే పద్యం కాబట్టే అది సాధ్యమైంది. భారతంలోని రాజకీయమంతా రైతుకూ, కూలికీ బోధపడింది.

1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను ఆస్థానకవిగా నియమించింది. ఆ పదవికి తెలుగులో ఆయనే మొదటివారు. ఆ గౌరవం అందిన కొద్దికాలానికే, 1950 ఫిబ్రవరి 15న, మహాశివరాత్రి నాడు కన్నుమూశారు.

పద్యం నోటికి రావడం ఒక ఎత్తు, మనసుకు ఎక్కడం మరో ఎత్తు. రాగం సాగదీసి మాటను మింగేస్తే చెళ్లపిళ్లవారి శ్రమ వృథా. మీ ఊళ్లో రాయబారం సీను ఆడితే, పద్యం అయ్యాక పక్కనున్న కుర్రవాడికి కృష్ణుడు ఏమన్నాడో, ఆ మాట ఎందుకు అన్నాడో విడమరచి చెప్పండి. కడియం గురువు బోధించిన పాఠం అదే.