థేలీస్: ఒడ్డు మీది కొలత

థేలీస్ క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంవాడు. ఊరు మిలేటస్, ఇప్పటి టర్కీ పడమటి తీరంలో గ్రీకుల రేవుపట్నం. ఈజిప్టు వెళ్లి క్షేత్రగణితం నేర్చుకొచ్చాడంటారు. ఆయన రాసిందేదీ మనకు మిగల్లేదు. కానీ సముద్రంలో ఓడ ఎంత దూరంలో ఉందో ఒడ్డు నుంచే చెప్పేవాడని, అందుకు సర్వసమాన త్రిభుజాల సూత్రం వాడి ఉండాలని తర్వాతి కాలపు యుడెమస్ చెప్పాడు.

పద్ధతి ఇలా ఉండొచ్చు. ఓడకి ఎదురుగా ఒడ్డున ఒక కర్ర పాతాలి. ఒడ్డు వెంబడే నూరు అడుగులు వేసి రెండోది, ఇంకో నూరు వేసి మూడోది. అక్కణ్ణుంచి సముద్రానికి వీపు పెట్టి, మధ్యమధ్య వెనక్కి చూస్తూ తిన్నగా నడవాలి. మధ్య కర్రా ఓడా ఒకే వరసలో కనపడగానే ఆగాలి. నడిచినంతే ఓడ దూరం! మధ్య కర్ర దగ్గర ఎదురెదురు కోణాలు సమానం, రెండు చివరలా లంబకోణాలు, మధ్యలో నూరేసి అడుగులు. మనం బళ్లో బట్టీపట్టిన కో.భు.కో. నియమం ఇదే. తర్వాత యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో 26వ సిద్ధాంతంలో దీన్ని నిరూపించాడు.

నేను బళ్లో కన్నడంలో సర్వసమ త్రిభుజ అని చదివాను. అమ్మ తెలుగులో సర్వసమాన త్రిభుజం అంటుంది. ఏ భాషలో అన్నా నాకు నచ్చింది ఒకటే: ఓడ ఎక్కే వీలు లేక ఒడ్డునే నిలబడ్డవాళ్లు కూడా దూరం చెప్పగలరు, ఎవరూ కాదనలేరు.