అజ్జమాడ బోపయ్య దేవయ్య

యుద్ధమున కొడుకు మరణించెనని తెలిసిన యింటివారు దుఃఖింతురు. జాడ తెలియలేదను వార్త వచ్చిన యింటివారికి ఏడ్వవలెనో, ఎదురుచూడవలెనో తెలియదు. సిక్కోలు, విజయనగర మండలములనుండి యెందఱో యువకులు సైన్యమున చేరుచున్నారు. 1962లో స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాలయు మన చెంతనే యున్నది. కావున ఆ వార్త బరువు మనమూహింపగలము. అట్టి వీరుడొకని చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

దేవయ్యగారు కొడగు సీమకు చెందినవారు. 1932 డిసెంబరు 24వ తేదీని జన్మించి, 1954లో భారత వాయుసేనయందు ప్రవేశించిరి. యువకులకు విమానము నడపుట నేర్పు ఉపాధ్యాయులుగ పనిచేసిరి. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినపుడు, ఆదంపూరునందలి ఒకటవ స్క్వాడ్రనులో ఫ్రెంచివారి మిస్టేరు విమానమును నడపుచుండిరి.

సెప్టెంబరు 7వ తేదీ వేకువను, సర్గోధా విమానస్థావరముపై దాడి నిర్ణయింపబడెను. దేవయ్యగారు అవసరమైనచో పోవలసినవారుగ మాత్రమే నియమింపబడిరి. పోవలసినవారిలో నొకరు పోజాలకపోగా, ఆ స్థానమున వీరు పోయిరి, మరల రాలేదు. వారి తుదిపోరును తోడివారెవ్వరును చూడలేదు. భార్యయు చిన్నబిడ్డలును ఏ జాడయు తెలియక కాలము గడపిరి.

1979లో జాన్ ఫ్రికరను ఆంగ్ల రచయిత, పాకిస్తాను వాయుసేన సహాయముతో వ్రాసిన గ్రంథమున నిజము బయటపడెను. ఆనాడు ఒక మిస్టేరును స్టార్‌ఫైటరను అమెరికా విమానము తరిమెను. అది ధ్వనికి రెండింతల వేగము గలది. మిస్టేరు దాని ముందు మందగామి. ఇంటికి మరలుటకే ఇంధనము చాలీచాలని దూరము. అయినను మిస్టేరు ఎదురు తిరిగి పోరి, దానిని కూల్చెను. కూలిన విమానపు చోదకుడు అమ్జద్ హుస్సేను పారాచూటుతో దిగి బ్రదికెను. ఆ వేకువ దాడినుండి తిరిగిరాని మిస్టేరు ఒక్కటే గనుక, అది దేవయ్యగారిదేయని వాయుసేనవారు గ్రహించిరి. నాటి దాడికి నాయకులైన తనేజాగారు ఈ విషయమున పాటుపడిరి. 1988లో, ఇరువదిమూడేండ్లకు, ప్రభుత్వము దేవయ్యగారికి మహావీరచక్రము నొసంగెను. దానిని వారి భార్య గ్రహించిరి.

మనవారెవ్వరును చూడని శౌర్యమునకు శత్రుపక్షమే సాక్ష్యమిచ్చెను. తమ ఓటమిని వారు దాచియుండినచో, ఈ పేరు నేటికిని జాడలేనివారి పట్టికలోనే యుండెడిది. అందుచేత దేవయ్యగారిని స్మరించునపుడు, ఆ పట్టికలో మిగిలిన పేళ్లనుగూడ గౌరవముతో తలచుకొందము. వారేమి చేసిరో చెప్పుటకు ఎవ్వరును లేరు. చేయలేదనుటకు మనకధికారము లేదు.