దేహశక్తి లెక్కకు మూలం చూపిన యల్లాప్రగడ సుబ్బారావు

తీవ్ర అనారోగ్యంతో మంచాన ఉన్న మనిషికి రోజుకు ఎంత ఆహారం ఇవ్వాలో తేల్చడం వైద్యంలో చిన్న విషయం కాదు. ఆహారం తక్కువైతే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది. ఎక్కువైతే రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, అదనంగా పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపలేక బలహీనమైన ఊపిరితిత్తులు అలసిపోతాయి. అందుకే పెద్ద ఆసుపత్రుల్లో రోగి శ్వాసను కొలిచి, అతని శరీరం ఖర్చు చేస్తున్న శక్తిని లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం పోషణ నిర్ణయిస్తారు. ఆ శక్తి దేహంలో ఏ రూపంలో నిలిచి ఉంటుందో ప్రపంచానికి చూపిన తొలి పరిశోధకులలో ఒకరు తెలుగువారైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. పేదరికం, తండ్రి అనారోగ్యం, ఆపై ఆయన మరణం చదువుకు అడుగడుగునా ఆటంకమయ్యాయి. మూడో ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని తలచారు, తల్లి అనుమతించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రమే దక్కింది.

ఆ కాలంలోనే ఇంటిని పెను విషాదం కమ్మింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. తిన్న ఆహారం ఒంటబట్టక, కళ్లెదుటే మనిషి చిక్కిశల్యమయ్యే వ్యాధి అది. అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. కానీ ఆహారం ఉండీ మనిషి ఎందుకు క్షీణిస్తాడన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

మామగారి తోడ్పాటుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతో 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరి, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేశారు. భార్య శేషగిరిని మద్రాసులో వదిలి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు.

అప్పటికే బోస్టన్‌లో దేహశక్తి కొలతపై గట్టి కృషి సాగుతోంది. అక్కడి కార్నెగీ పోషణ ప్రయోగశాలకు చెందిన బెనెడిక్ట్, హారిస్‌తో కలిసి 1919లో ఎత్తు, బరువు, వయసు, లింగం ఆధారంగా విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిని అంచనా వేసే సూత్రాన్ని ప్రకటించారు. వారు మనిషిని బయటి నుంచి కొలిస్తే, సుబ్బారావు కణం లోపలికి చూశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రయోగశాలల్లో స్థిరపడింది. ఆ కొలతే వారిని కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ వద్దకు నడిపింది. 1927లో ఆ వివరాలు వెలువడ్డాయి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ, ఉనికిని వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దానిని గుర్తించారు. కండరాల పనికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నాటి సిద్ధాంతం దీంతో సడలింది.

తిన్న అన్నం ఆక్సిజన్‌తో కలిసి దహనమైనప్పుడు విడుదలయ్యే శక్తిలో కొంత ఏటీపీగా మారుతుంది, గుండె కొట్టుకోవడానికీ ఊపిరి ఆడడానికీ అదే ఖర్చవుతుంది. కనుక పీల్చిన ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్ పరిమాణాలు తెలిస్తే మొత్తం శక్తి వ్యయం తెలుస్తుంది. ఆ లెక్కకు నేటికీ వాడుతున్న సమీకరణాన్ని వియర్ 1949లో అందించారు. జ్వరం, కాలిన గాయాలు, పెద్ద శస్త్రచికిత్స వంటివి ఈ వ్యయాన్ని మారుస్తాయి. అందువల్ల ఎత్తు, బరువులతో కట్టిన అంచనా రోగి విషయంలో తప్పే అవకాశం ఎక్కువ. ఖరీదైన శ్వాసమాపక యంత్రాలు అన్నిచోట్లా ఉండవు. రాయ్‌పూర్ జిల్లా తిల్దా వంటి చిన్న పట్టణం నుంచి మహానగరం దాకా ఏ రోగి విషయంలోనైనా శరీరధర్మం మాత్రం ఒక్కటే.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం లభించలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, తర్వాత పరిశోధనల సారథి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్దికాలంలోనే ఉష్ణమండల స్ప్రూ రోగులకు అది మేలు చేస్తున్నట్టు టామ్ స్పీస్ నిరూపించారు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆ విధంగా ఆయన బృందం చేతిమీదుగానే వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలను సిడ్నీ ఫార్బర్ 1948లో బాలల రక్త క్యాన్సర్‌పై ప్రయోగించారు. బోదకాలు నివారణకు ప్రభుత్వాలు పంచే డైఇథైల్‌కార్బమజైన్, టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలో వెలువడ్డాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. నోబెల్ రాలేదు, జీవితకాలంలో పేరూ అంతగా వినిపించలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. రోగి పక్కన నిలిచి అతనికి ఎంత శక్తి కావాలో లెక్కించే ప్రతి వైద్యుని పనిలోనూ భీమవరం బిడ్డ చూపిన మూలసూత్రం నిలిచే ఉంది.