మల్ల మార్తాండ కోడి రామ్మూర్తి నాయుడు గారికి మా స్మృత్యంజలి



మన సంచికలో ఎప్పుడూ మన తెగల పెద్దల గురించి, మన్యంలో పోరాడినవారి గురించి రాసుకుంటాం. ఈసారి మేము ఎంచుకున్న మనిషి మన తెగవారు కాదు, మన కోరుకొండవారూ కాదు. ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి.

కిందటి సంక్రాంతికి మన పేటలో గుండు ఎత్తే పందెం అయిపోయాక ఒక కుర్రాడు నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొస మోటారుసైకిలుకు కట్టించి, బండిని కదలకుండా ఆపుతానని నిలబడ్డాడు. చుట్టూ పది ఫోన్లు వీడియో తీస్తున్నాయి. బండి ఒక్క ఊపు ఊపింది. కుర్రాడి భుజం జారింది. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో ఉన్న తాతగారు ఒకరు, వీడికి కోడి రామ్మూర్తి పూనాడురా అని నవ్వారు. ఆటోలో ఉన్న మిగతా అయిదుగురూ ఆ కోడి రామ్మూర్తి ఏ సినిమాలో పాత్రో అనుకున్నారు. ఆ రోజే ఈ వ్యాసం రాయాలనుకున్నాం.

కోడి రామ్మూర్తి నాయుడు గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. కొంచెం దూరం పోతే సీతంపేట కొండలు, సవర, జాతాపు గూడేలు. అంటే ఆయన పెరిగింది మన గోకవరంలాంటి చోటే అనుకోండి: ఇటు చూస్తే పొలాలు, అటు చూస్తే కొండలు. అందుకే ఆయన మనకు మరీ పరాయివారు కారని మా లెక్క.

తండ్రి వెంకన్న గారు. తల్లి చిన్నతనంలోనే పోయారు. తల్లి లేని పిల్లవాడు బడికంటే బయటే ఎక్కువ తిరిగాడు. వీరఘట్టంలో రాజచెరువు గట్టు మీద పొద్దున్నే కసరత్తు చేసేవాడని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. అక్కడ ఒక సాధువు కనిపించి ఉపదేశం ఇచ్చాడని కూడా అంటారు. సాధువు సంగతి ఎలా ఉన్నా, పొద్దున్నే లేచి చెరువు గట్టుకు వెళ్లడం మాత్రం నమ్మదగిన మాట. అలాంటి ఒళ్లు ఒక్క ఉపదేశంతో రాదు.

తండ్రి కొడుకును విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారింటికి పంపారు. చదివిద్దామని పంపితే, కుర్రాడు వ్యాయామశాలలో స్థిరపడ్డాడు. ఇక్కడ చిన్న మాట. విజయనగరం పక్కన కూడా ఒక కోరుకొండ ఉంది. 1962 నుంచి సైనిక్ స్కూలు ఉన్నది ఆ కోరుకొండలోనే. మనం బయట ఊరి పేరు చెప్పగానే సైనిక్ స్కూలా అని అడుగుతారే, అదే. రామ్మూర్తి గారి బాల్యం గడిచింది ఆ వైపు. మన కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి తిరునాళ్లలో ఆయన కుస్తీ పట్టారని మనలో ఎవరైనా గొప్పకు చెబితే దయచేసి నమ్మకండి.

ఇరవై ఒకటో ఏటికే గుండె మీద టన్నున్నర బరువు మోసేవారని, తరువాత అది మూడు టన్నులదాకా వెళ్లిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. మన పిల్లలు ఈ రోజు వ్యాయామ విద్యలో పట్టా తెచ్చుకుని పీఈటీ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారు కదా, ఆయన మొదలుపెట్టింది సరిగ్గా అక్కడే. చేతిలో ఉద్యోగం ఉంది. నెల తిరిగితే జీతం వస్తుంది.

ఆ ఉద్యోగం వదిలేసి సర్కస్ పెట్టారు.

ఈ నిర్ణయం ఎంత పెద్దదో ఆలోచించండి. ఆ రోజుల్లో మన దేశంలో సర్కస్ ఇంకా కొత్త. 1880లో మహారాష్ట్రలో విష్ణుపంత్ ఛత్రే పెట్టినదే తొలి భారతీయ సర్కస్‌గా చెప్పుకుంటారు. కేరళ తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ గారు పిల్లలకు సర్కస్ విద్య నేర్పుతూ ఉండేవారు. ఇటు తెలుగువారిలో ఒక బడి మేష్టారు డేరా వేసి, జంతువులను, మనుషులను పోషిస్తూ ఊరూరా తిరగడమంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? విజయనగరంలోని మిత్రులు సాయం పట్టారు. సంస్థానాల ఆదరణ కూడా దొరికింది. కుస్తీ తెలిసినవాడికి అప్పట్లో రెండే దారులు: ఏ రాజుగారి కొలువులోనో చేరి ఆయన మల్లుడుగా బతకడం, లేకపోతే టిక్కెట్టు కొన్న జనం ముందు నిలబడటం. రామ్మూర్తి గారు రెండో దారి పట్టారు. మాకు ఆయనలో నచ్చిన మొదటి సంగతి ఇది.

డేరాలో ఆయన చేసినవి మూడు ముఖ్యం. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి చాతీ పొంగించి తెంచడం. తాళ్లు కట్టిన కారును కదలనీయకుండా ఆపడం. ఛాతీ మీద పలక వేయించుకుని దాని మీదికి ఏనుగును ఎక్కించుకోవడం.

ఇవి ఎలా సాధ్యమని మన పిల్లలు అడిగారు. మాకు తెలిసినంత చెబుతాం. ఏనుగు పాదం నేరుగా మనిషి మీద పడితే ఎముక మిగలదు. పలక ఉంటే బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. పలక కొస నేలకు ఆనితే కొంత భారం నేల మోస్తుంది. మిగిలినది మోసేది ఊపిరితో గట్టిపడిన ఛాతీ. ఊపిరి ఎప్పుడు పట్టాలో, ఎంతసేపు పట్టాలో, ఎప్పుడు వదలాలో ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని రాదు. ఆయన ప్రాణాయామం మీద అంత పట్టు పట్టింది అందుకే. కారు సంగతీ అంతే. ఆనాటి కార్ల ఇంజన్లు ఈనాటి వాటికంటే చాలా బలహీనం. పైగా బండి కదిలాక కాదు, కదలబోయే క్షణంలోనే ఆపాలి. మన కుర్రాడు చేసిన తప్పు అదే: తాడు వదులుగా ఉంది, బండి ముందే ఊపందుకుంది. ఇదంతా చెప్పడం ఆయన గొప్పను తగ్గించడానికి కాదు. దాని వెనుక లెక్క ఉంది, ఆ లెక్క తెలియనివాడి భుజం జారుతుందని చెప్పడానికే.

వైస్రాయి మింటో (ఆయన 1905 నుంచి 1910 దాకా ఆ పదవిలో ఉన్నారు) విశాఖపట్నంలో తానే కారులో కూర్చుని నడుపుతూ, రామ్మూర్తి గారిని ఆపి చూపమన్నారని, కారు అంగుళం కదలలేదని ఒక కథ మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ వినబడుతుంది. తెల్లదొర ఎక్కిన బండిని నల్లమనిషి ఒకడు తాడు పట్టి నిలబెట్టాడన్నది ఆ కాలపు జనానికి ఉత్త సర్కస్ ఆటగా కనిపించి ఉండదు. వందేమాతరం రోజులవి. పూనాలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శన చూసి మల్ల మార్తాండ బిరుదు ఇచ్చారు, విదేశాలకు వెళ్లి మన దేశం బలం చూపమని ప్రోత్సహించారు. ఉత్తరాదిలో మదన్ మోహన్ మాలవీయ ఆదరించారు. అక్కడివారు ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అనేవారు. బడి మేష్టారు ఉద్యోగం వదిలినా ఆ గౌరవం వదల్లేదన్నమాట.

అదే కాలంలో, 1910లో, గామా పహిల్వాన్ లండన్ వెళ్లి అమెరికా మల్లుడు రోలర్‌ను ఓడించాడు. జిబిస్కో అనే పోలండ్ మల్లుడితో గంటల తరబడి తలపడ్డాడు. యూజిన్ శాండో అనే జర్మన్ బలశాలి అంతకుముందే ప్రపంచమంతా పేరు మోశాడు. శాండో పేరు ఎంత పెద్దదంటే, రామ్మూర్తి గారిని కూడా ఇండియన్ శాండో అనేవారు. ఈ పోలిక మాకు అంత నచ్చదు గానీ, అప్పట్లో పత్రికలకు కొలబద్ద అదే.

లండన్‌లో అయిదో జార్జి రాజు, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అని మెచ్చుకున్నారని ఆయన చరిత్రలన్నీ రాశాయి. స్పెయిన్‌లో ముందు సాధన ఏమీ లేకుండానే ఎద్దు కొమ్ములు పట్టి పడేశారని కూడా చెబుతారు. ఇంకో కథ మాకు వీటికంటే ముఖ్యం. పరదేశంలో ఒకచోట ఎవరో అసూయతో బలహీనమైన పలక పెట్టించారట. ఏనుగు ఎక్కగానే పలక విరిగి, పక్కటెముక ఊపిరితిత్తిలో గుచ్చుకుని, నెలల తరబడి మంచం పట్టారట. అసూయ సంగతి ఎవరు చూడొచ్చారు, కానీ పలకలు విరుగుతాయి. వేల మంది చప్పట్లు కొట్టే ఆటలో ప్రాణం ఒక చెక్క ముక్క మీద ఆధారపడి ఉంటుంది.

ఇన్ని దేశాలు తిరిగినా ఆయన శాకాహారి. కండ పెరగాలంటే ఫలానా డబ్బా పొడి తాగాలని మన జిమ్ములో చెబుతున్నారు కదా. డబ్బా మూడు వేలు. అది కొనడానికి అమ్మ దగ్గర డ్వాక్రా డబ్బు అడిగిన పిల్లలు మనలో ఉన్నారు, పేర్లు చెప్పం.

సంపాదన బాగానే వచ్చింది. దానధర్మాలకు, దేశం పనులకు, డేరా నడపడానికి వచ్చింది వచ్చినట్టే పోయింది. ఒంటి బలం అమ్ముకుని బతికేవాడికి ఒళ్లే పొలం, ఒళ్లే ఎద్దు. పొలం పండినన్నాళ్లూ ఎవరూ లెక్క అడగరు.

కాలి మీద రాచకురుపు లేచింది. ఎంతకీ మానలేదు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. శస్త్రచికిత్స చేసేటప్పుడు క్లోరోఫాం వద్దని, ప్రాణాయామంతోనే నొప్పి ఓర్చుకున్నారని చెబుతారు. ఈ సంగతి చెప్పేవారందరూ ఆయన ధైర్యం గురించే చెబుతారు. మాకు మాత్రం ఆపరేషన్ అయిపోయాక మర్నాడు పొద్దున్న గురించే ఆలోచన పోతుంది. ఏ కాళ్ల మీద నిలబడి కారును ఆపారో వాటిలో ఒకటి లేదు. డేరా బయట బండ్లు, లోపల జంతువులు, జీతాల కోసం చూసే మనుషులు. (ఇంకొక మాట, మత్తు ఇస్తామని డాక్టరు అంటే మీరెవరూ వద్దనకండి.)

ఆ తరువాత వైభవం తరిగిపోయింది. ఆస్తి కరిగిపోయింది. చివరి రోజుల్లో ఆయన ఒడిశాలోని బలంగీర్ ప్రాంతంలో, అక్కడి సంస్థానం వారి ఆదరణలో ఉన్నారు. దాన్ని పట్నా సంస్థానం అనేవారు. బిహార్ పట్నా కాదు, పొరబడకండి. మొదట్లో ఏ రాజు కొలువునైతే కాదనుకుని జనంలోకి వచ్చారో, చివరికి అలాంటి నీడకే చేరవలసి వచ్చింది. అలా చేరినందుకు ఆయనను తప్పుపట్టేవారిని మేము ఒప్పుకోం. అప్పటికి ఆటగాడికి పింఛను లేదు, బీమా లేదు. చూసిన లక్షల మందిలో ఆ సమయానికి దగ్గర ఉన్నది ఎందరు?

1942 జనవరిలో, సంక్రాంతి దినాల్లో, అక్కడే కన్నుమూశారు. అరవై ఏళ్లకు అటూ ఇటూ. అది అకాల మరణమా అని మాలో మాకే వాదన వచ్చింది. అరవై తక్కువేమీ కాదని ఒకరన్నారు. ఏనుగును మోసిన ఛాతీకి అరవై తక్కువేనని ఇంకొకరన్నారు. మాకు తోచింది ఏమిటంటే, మల్లుడు రెండుసార్లు పోతాడు. కాలు తీసిన రోజున ఒకసారి పోయారు, అది మటుకు అకాలమే. రెండోది వీరఘట్టానికి దూరంగా, కొండలకు అవతల, పరాయి చోట జరిగింది. ఇంకో ఆరేళ్లు బతికి ఉంటే స్వరాజ్యం చూసేవారు.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అయితే నోటికి సులువుగా ఉంటుందని అందరూ కె.ఆర్. స్టేడియం అంటారు. అటు ఆటల పోటీలకు వెళ్లే మన కబడ్డీ పిల్లలు టీషర్టుల మీద ఏదైనా రాయించుకునేటప్పుడు, ఆ రెండు అక్షరాలకు బదులు పేరంతా రాయించుకోవచ్చు, బట్ట సరిపోతుంది.

భుజం జారిన కుర్రాడికి కట్టు విప్పారు. చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. వచ్చే సంక్రాంతికి మన తాలింఖానాలో గుండు ఎత్తే పందెం మామూలుగానే ఉంటుంది. కర్రసాము ఉంటుంది. ఆడపిల్లలకు వేరే బరువు పెడుతున్నాం. బండ్లు, తాళ్లు మాత్రం లోపలికి రానివ్వం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సమ్మను పిలుస్తున్నాం. పేర్లు ఇచ్చేవారు భోగికి వారం ముందే ఇవ్వాలి. ఆ కుర్రాడు ఈసారి పోటీలో లేడు, లెక్కలు రాసే బల్ల దగ్గర కూర్చుంటానన్నాడు.