మౌనాన్ని అర్థం చేసుకున్న మాతృమూర్తి: హజ్రత్ ఉమ్మె సలమా (రజి)

మనసులో ఉన్నదంతా మనిషి నోటితో చెప్పలేడు. కొన్ని బాధలు కన్నీళ్ళుగా బయటపడతాయి, కొన్ని మౌనంగా లోపలే ఉండిపోతాయి. నోటి మాట మాత్రమే విని ముఖంలోని బాధను పట్టించుకోని ఇళ్ళలో అపార్థాలు పెరుగుతాయి. ఎదుటివారి మనసు తెలుసుకుని మెలగడం ఎలాగో విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితం మనకు నేర్పుతుంది.

ఆమె అసలు పేరు హింద్. ఖురైష్ తెగలోని బనూ మఖ్‌జూమ్ వంశంలో జన్మించారు. భర్త హజ్రత్ అబూ సలమా (రజి)తో పాటు తొలినాళ్ళలోనే ఇస్లాం స్వీకరించారు. మక్కాలో వేధింపులు పెరగడంతో దంపతులిద్దరూ హబషా దేశానికి హిజ్రత్ చేశారు. తిరిగి మక్కాకు వచ్చి, అక్కడి నుండి మదీనాకు బయలుదేరినప్పుడు కఠిన పరీక్ష ఎదురైంది. ఆమె పుట్టింటివారు దారికి అడ్డంపడి ఆమెను ఆపేశారు. దానికి కోపించి భర్త తరఫువారు పసివాడైన సలమాను లాక్కున్నారు. ఆ గుంజులాటలో బిడ్డ చేతి కీలు తప్పింది. అబూ సలమా (రజి) ఒంటరిగా మదీనా చేరారు.

భర్త ఒకచోట, బిడ్డ ఒకచోట, తాను ఒకచోట! ప్రతి ఉదయం ఆమె అబ్తహ్ అనే చోటికి వెళ్ళి సాయంత్రం దాకా ఏడుస్తూ కూర్చునేవారు. దాదాపు ఏడాది ఇలాగే గడిచింది. చివరికి బంధువొకరు ఆమె పరిస్థితి చూసి కరిగిపోయి, తనవారితో మాట్లాడి ఆమెను విడిపించారు. బిడ్డ కూడా తల్లి ఒడికి చేరాడు.

ఆమె బిడ్డతో ఒంటెనెక్కి ఒంటరిగా బయలుదేరారు. తన్‌ఈమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురయ్యారు. ఆయన అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు. అయినా తోడులేని స్త్రీని వదిలి వెళ్ళలేక ఒంటె పగ్గం పట్టుకుని నడిచారు. మజిలీ రాగానే ఒంటెను కూర్చోబెట్టి దూరంగా తప్పుకునేవారు. ఆమె దిగాక వచ్చి ఒంటెను చెట్టుకు కట్టి, తాను వేరే చెట్టు నీడకు వెళ్ళేవారు. ఖుబా గ్రామం కనిపించగానే ఆమె భర్త అక్కడే ఉన్నారని చెప్పి వెనుదిరిగారు. ఆయన అడగకుండానే చూపిన ఆ మర్యాదను ఆమె తర్వాత ఎంతో మెచ్చుకుంటూ తలచుకున్నారు.

ఉహద్ యుద్ధంలో తగిలిన గాయం తిరగబెట్టి హిజ్రీ 4లో అబూ సలమా (రజి) మరణించారు. ఇద్దత్ ముగిశాక దైవప్రవక్త (స) ఆమెకు నికాహ్ సందేశం పంపారు. తనలో ఈర్ష్య ఎక్కువని, వయసు మళ్ళిందని, పిల్లలున్నారని ఆమె దాపరికం లేకుండా విన్నవించుకున్నారు. ప్రవక్త (స) అన్నీ విని ఒక్కొక్కదానికీ సమాధానమిచ్చారు. ఈర్ష్య తొలగించమని అల్లాహ్‌ను వేడుకుంటానన్నారు. వయసు తనకూ వచ్చిందన్నారు. ఆమె పిల్లలు తన పిల్లలేనన్నారు. ఆమె మనసు కుదుటపడింది.

హిజ్రీ 6లో, అంటే క్రీ.శ. 628లో, సుమారు 1400 మంది సహాబాలు ప్రవక్త (స) వెంట ఉమ్రాకు బయలుదేరారు. ఖురైషీయులు అడ్డుకోవడంతో హుదైబియా దగ్గర ఒప్పందం కుదిరింది. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే మరలిపోవాలి. మక్కా నుండి వచ్చే ముస్లిమును తిప్పి పంపాలి. సంకెళ్ళతో వచ్చిన అబూ జందల్ (రజి)ను వారి కళ్ళముందే తిప్పి పంపవలసి వచ్చింది. ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకోమని ప్రవక్త (స) మూడుసార్లు ఆదేశించినా ఒక్కరూ కదలలేదు.

ప్రవక్త (స) గుడారంలోకి వచ్చి ఉమ్మె సలమా (రజి)తో విషయం చెప్పారు. ఆమె సహాబాలను నిందించలేదు. వారిది ధిక్కారం కాదని, గుండెకోతతో వారు నిశ్చేష్టులయ్యారని గ్రహించారు. ఆప్తులకు దూరమై ఏడాదిపాటు ఏడ్చిన మనిషికి ఆ దుఃఖం తెలియదా! ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళి, తన పశువును జిబహ్ చేసి, మంగలిని పిలిచి తల గొరిగించుకోమని ఆమె మష్వరా ఇచ్చారు. ప్రవక్త (స) అలాగే చేశారు. అది చూసి సహాబాలు లేచి ఖుర్బానీ ఇచ్చారు, ఒకరి తల ఒకరు గొరిగారు. నిర్ణయం మారుతుందేమోనన్న వారి ఆశ ప్రవక్త (స) ఆచరణతో తీరిపోయిందని ఉలమాలు వివరించారు.

వినడంలోనూ ఆమె శ్రద్ధ అంతటిదే. ఒకసారి జడ దువ్వించుకుంటుండగా మింబర్ మీద నుండి ప్రజలను ఉద్దేశించి ప్రవక్త (స) పిలుపు వినిపించింది. వెంటనే దువ్వడం ఆపమన్నారు. ఆ పిలుపు పురుషులకని దువ్వుతున్న అమ్మాయి అంటే, ప్రజల్లో తానూ ఉన్నానని బదులిచ్చి చెవొగ్గి విన్నారు. ఆ శ్రద్ధ ఫలితంగానే ఆమె ద్వారా 378 హదీసులు ఉమ్మత్‌కు చేరాయి. విశ్వాసుల మాతృమూర్తులందరిలో చివరగా లోకం వీడి, మదీనాలోని జన్నతుల్ బఖీలో ఖననమయ్యారు.

సోదర సోదరీమణులారా! పిలిచినా పలకని బిడ్డను తిట్టేముందు, అన్నం ముందు మౌనంగా కూర్చున్న భర్తను నిలదీసేముందు, వంటింట్లో కళ్ళు తుడుచుకునే భార్యను విసుక్కునేముందు ఒక్క క్షణం ఆగి ఆ ముఖంలోకి చూడండి. అవిధేయత అనుకున్నది దుఃఖం కావచ్చు. మీ ఆదేశం కన్నా మీరు ముందుగా చేసి చూపే పనే ఆ మనసును కదిలించవచ్చు. ఒకరి మనసు ఒకరు తెలుసుకుని మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.